'నేచురల్' క్యాప్సూల్‌తో కొలెస్ట్రాల్ కరుగుతుందా? పామర్రు సెంటర్ నుంచి సుప్రీంకోర్టు దాకా.. సప్లిమెంట్ల వెనుక అసలు కథ ఇదీ!

పామర్రు: విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే హైవేలో పామర్రు పెద్ద జంక్షన్. గుడివాడ, భీమవరం వైపు రోడ్డు ఇక్కడే చీలుతుంది. ఇలాంటి సెంటర్లలో మెడికల్ షాపు అద్దాల వెనక కొన్నేళ్లుగా కొత్త డబ్బాలు కనిపిస్తున్నాయి. గుగ్గులు, అర్జున, వెల్లుల్లి క్యాప్సూల్స్, మెంతి పొడి, చేప నూనె, బెర్బెరిన్, బయోటిన్ గమ్మీలు.. లిస్టు పెరుగుతూనే ఉంది. షాపులో దొరకనిది ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తోంది.

ఇందులో తప్పేముంది? ఆకులు, గింజలు, వేర్లే కదా? అక్కడే ఉంది అసలు సమస్య.

ఒక ఉదాహరణ చూద్దాం. పామర్రు పక్క ఊళ్లో 52 ఏళ్ల రైతు ఒకాయన ఉన్నారనుకోండి. షుగర్ ఉంది. రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168 వచ్చింది. డాక్టర్ స్టాటిన్ మాత్ర రాశారు. రెండు నెలలు వేసుకున్నారు. ఇంతలో కాళ్లు లాగుతున్నట్టు అనిపించింది. సరిగ్గా అప్పుడే హైదరాబాద్ నుంచి బావమరిది వాట్సాప్‌లో ఓ వీడియో పంపాడు. "బావా, ఇంగ్లిష్ మందులు జీవితాంతం మింగితే లివర్ పోతుందంట. ఇది చూడు, అంతా నేచురలే" అన్నాడు. మాత్ర ఆగిపోయింది, డబ్బా వచ్చింది. నొప్పి లేదు, నీరసం లేదు. కొలెస్ట్రాల్ పెరిగితే తెలియదు కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. తెలిసే రోజు మాత్రం ఛాతీ నొప్పితోనే తెలియొచ్చు.

ఇలాంటి ఇళ్లు ఇప్పుడు ఊరికి ఒకటి రెండు కాదు. అందుకే ఈ సప్లిమెంట్లలో ఏది పనిచేస్తుంది, ఏది చేయదు, పనిచేసేవాటితో వచ్చే ముప్పేంటి, ప్రకటనలపై చట్టం ఏమంటోంది అన్నది తెలుసుకోవడం అవసరం.

దేశంలో ఎంతమందికి ఉందంటే..

ఐసీఎంఆర్-ఇండియాబ్ పేరుతో దేశవ్యాప్తంగా జరిగిన భారీ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్, 15.3 శాతం మందికి షుగర్ వచ్చే ముందు దశ, 35.5 శాతం మందికి బీపీ ఉన్నాయి. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవాళ్లు 24 శాతం. మొత్తం లిపిడ్ ప్రొఫైల్‌లో ఏదో ఒకటి తేడాగా ఉన్నవాళ్లు ఏకంగా 81.2 శాతం. అంటే పదిమందిలో ఎనిమిది మంది!

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మన దగ్గర చాలామంది రిపోర్టుల్లో కనిపించే తేడా వేరు. మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) తక్కువ, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ. దీనికి నూనె ఒక్కటే కారణం కాదు. అదే ఇండియాబ్ బృందం 2025లో ఇచ్చిన ఆహార విశ్లేషణ ప్రకారం మనవాళ్లు తినే కేలరీల్లో దాదాపు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం పాలిష్ బియ్యం, పిండి, పంచదార.

కృష్ణా డెల్టాలో ఈ మాట ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కాలువ నీళ్లు, మాగాణి, వరి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. ఒకప్పుడు పొలంలో ఒంగి నాట్లేసి, కుప్పలు నూర్చిన ఒంటికి ఆ అన్నం సరిపోయేది. ఇప్పుడు కోత మిషన్ వచ్చింది, బైక్ వచ్చింది. కంచం మాత్రం మారలేదు. ఖర్చు కాని పిండి పదార్థాన్ని లివర్ కొవ్వుగా మారుస్తుంది. అదే రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్‌గా కనిపిస్తుంది.

ఒకే కృష్ణ ఒడ్డు.. రెండు విరుద్ధ సలహాలు

'మందులు లేకుండా' అనే మాటకు ఈ ప్రాంతంలో ఉన్నంత ఆదరణ మరెక్కడా ఉండదేమో. ప్రకృతి వైద్యం పేరుతో మంతెన సత్యనారాయణ రాజు ఉప్పు, నూనె మానేయమని ఏళ్లుగా చెబుతున్నారు. ఆయన ఆశ్రమం విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డునే ఉంది. అదే విజయవాడ నుంచి వీరమాచనేని రామకృష్ణ 2017-18 ప్రాంతంలో అన్నం మానేసి కొబ్బరి నూనె, నెయ్యి లాంటి కొవ్వులు, నిమ్మరసం, నీళ్లు, మల్టీ విటమిన్ మాత్రలతో డైట్ చేయమన్నారు. ఆ సభలకు జనం పోటెత్తారు. టీవీ స్టూడియోల్లో డాక్టర్లతో వాదోపవాదాలు నడిచాయి. ఇంకోవైపు మైసూరు నుంచి ఖాదర్ వలీ సిరిధాన్యాలు తినమన్నారు. కొర్రలు, అండుకొర్రలు, అరికలు మళ్లీ కిరాణా షాపులకు వచ్చాయి.

ఒకరు నూనె ముట్టొద్దన్నారు. ఇంకొకరు నూనె తాగమన్నారు. రెండింటి వల్లా బాగుపడ్డామని చెప్పేవాళ్లు ఉన్నారు. ఇదెలా సాధ్యం?

జవాబు మరీ కష్టమేం కాదు. రెండు పద్ధతుల్లోనూ ఒకటి కామన్. కంచంలో అన్నం, స్వీట్లు, చిరుతిళ్లు తగ్గాయి. బరువు తగ్గింది. బరువు తగ్గితే షుగర్, ట్రైగ్లిజరైడ్స్ చాలామందిలో తగ్గుతాయి. కానీ ఎల్‌డీఎల్ లెక్క వేరు. కొబ్బరి నూనెపై జరిగిన ట్రయల్స్‌ను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2020లో 'సర్క్యులేషన్' జర్నల్‌లో వచ్చింది. పొద్దుతిరుగుడు, సోయా లాంటి నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె ఎల్‌డీఎల్‌ను సుమారు 10 పాయింట్లు పెంచుతుందని అందులో తేలింది. అంటే బరువు తగ్గిన ఆనందంలో ఉన్న మనిషికి లోపల ఎల్‌డీఎల్ పెరిగి ఉండొచ్చు. టెస్ట్ చేయించుకుంటేనే తెలుస్తుంది.

సిరిధాన్యాల విషయంలో కొంత ఆధారం ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, జాతీయ పోషకాహార సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి 19 అధ్యయనాలను విశ్లేషించి 2021లో ఫలితాలు ఇచ్చారు. చిరుధాన్యాలు తిన్నవారిలో మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 8 శాతం తగ్గిందన్నది సారాంశం. ఇది మందు కాదు, తిండి మార్పు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

గుగ్గులు కథ: మన దేశం నుంచే మొదలైంది

కొలెస్ట్రాల్‌కు ఆయుర్వేద మందు అనగానే ముందు వినిపించే పేరు గుగ్గులు. రాజస్థాన్, గుజరాత్ మెట్ట ప్రాంతాల్లో పెరిగే ఒక ముళ్ల చెట్టు బంక ఇది. 1966లో బనారస్ హిందూ యూనివర్సిటీలో జి.వి. సత్యవతి అనే పరిశోధకురాలు సుశ్రుత సంహితలోని మేదోరోగం వర్ణన ఆధారంగా దీనిపై ప్రయోగాలు చేశారు. కుందేళ్లలో కొలెస్ట్రాల్ తగ్గినట్టు కనిపించింది. తర్వాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దీన్ని ముందుకు తీసుకెళ్లింది. 1980ల చివర్లో గుగ్గులు సారం మందుగా మార్కెట్‌లోకి వచ్చింది. పాత గ్రంథంలో మాటను ల్యాబ్‌లో పరీక్షించి, మనుషుల్లో పరీక్షించి, మందుగా తేవడం.. ఇది గర్వపడాల్సిన ప్రయాణమే.

అయితే 2003లో ట్విస్ట్ వచ్చింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు 103 మందిపై 8 వారాలు ట్రయల్ చేశారు. కొందరికి గుగ్గులు, కొందరికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు తెలియదు. ఫలితం 'జామా'లో ప్రచురించారు. గుగ్గులు తీసుకున్నవాళ్లలో ఎల్‌డీఎల్ తగ్గలేదు సరికదా, 4 నుంచి 5 శాతం పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 5 శాతం తగ్గింది. గుగ్గులు వాడినవారిలో కొందరికి ఒంటిపై దద్దుర్లు కూడా వచ్చాయి.

అంటే గుగ్గులు పనికిరాదని తేలిపోయినట్టేనా? అలా ఒక్క ట్రయల్‌తో కొట్టిపారేయలేం. ఆహారం వేరు, జనం వేరు, సారం తీసే పద్ధతి వేరు. కానీ ఈ డబ్బా కొనేవాళ్లు ఒకటి మాత్రం అడగొచ్చు. '2003 తర్వాత దీన్ని తిప్పికొట్టేంత పెద్ద ట్రయల్ ఎక్కడుంది?' అని. డబ్బా మీద మాత్రం ఆ ట్రయల్ మాట ఉండదు.

ఆరు సప్లిమెంట్లు.. ఒక మాత్ర: ఎవరు గెలిచారు?

అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు 2022లో నేరుగా పోటీ పెట్టారు. చేప నూనె, దాల్చిన చెక్క, వెల్లుల్లి, పసుపు, ప్లాంట్ స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్.. ఈ ఆరు సప్లిమెంట్లు ఒకవైపు. రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర ఇంకోవైపు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న గ్రూపు కూడా ఉంది. మొత్తం 190 మంది, 28 రోజులు.

రోసువాస్టాటిన్ గ్రూపులో ఎల్‌డీఎల్ సుమారు 38 శాతం తగ్గింది. ఆరు సప్లిమెంట్లలో ఒక్కటీ ఉత్తుత్తి మాత్రకన్నా చెప్పుకోదగ్గంత తగ్గించలేదు. వెల్లుల్లి గ్రూపులో అయితే ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే 8 శాతం దాకా పెరిగింది. ఈ ట్రయల్‌కు డబ్బు పెట్టింది రోసువాస్టాటిన్ తయారీ కంపెనీయే, పైగా 28 రోజులు చాలా తక్కువ సమయం అన్న విమర్శ ఉంది. ఆ విమర్శలో న్యాయం ఉంది కూడా. కానీ 38 శాతానికి, సున్నాకి మధ్య తేడా మాత్రం చిన్నది కాదు.

వంటింట్లో వెల్లుల్లి, పసుపు, దాల్చిన చెక్క మానేయమని దీని అర్థం కాదు. పచ్చడిలో, పులుసులో, పోపులో అవి వేసుకోవచ్చు. మాత్రకు బదులు అవి చాలనుకోవడమే పొరపాటు.

పనిచేస్తే అది మందే.. రెడ్ ఈస్ట్ రైస్ చెప్పే పాఠం

రెడ్ ఈస్ట్ రైస్ అంటే ఒక రకం బూజుతో పులియబెట్టిన ఎర్ర బియ్యం. చైనా, జపాన్‌లలో తరతరాలుగా వంటల్లో వాడతారు. ఇందులో మోనాకోలిన్-కె అనే పదార్థం ఉంటుంది. అదేంటో తెలుసా? లోవాస్టాటిన్! 1987లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి స్టాటిన్ మందు. రెండింటి రసాయనం ఒక్కటే.

అసలు స్టాటిన్లు పుట్టిందే బూజులోంచి. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970ల్లో వేల రకాల బూజులను జల్లెడ పట్టి మొదటి స్టాటిన్‌ను పట్టుకున్నారు. ఆయన 2024లో కన్నుమూశారు. తెలుగువాళ్లకు ఇలాంటి కథ కొత్త కాదు. పామర్రు నుంచి గుడివాడ మీదుగా వెళ్లే రోడ్డులోనే భీమవరం వస్తుంది. అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లే ల్యాబ్‌లోనే మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ వచ్చింది. అది కూడా 'నేచురల్' నుంచి వచ్చిందే. కానీ దాన్ని శుద్ధి చేసి, డోస్ తేల్చి, మనుషుల్లో పరీక్షించాకే మందు అన్నారు.

డోస్ తేలకపోతే ఏమవుతుంది? రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూల్స్‌లో ఒక బ్రాండ్‌లో మోనాకోలిన్ దాదాపు ఉండదు, ఇంకో బ్రాండ్‌లో మందు స్థాయిలో ఉంటుంది. ఉంటే స్టాటిన్‌కి ఉన్న సైడ్ ఎఫెక్ట్సే దీనికీ ఉంటాయి. ఒకవైపు డాక్టర్ ఇచ్చిన స్టాటిన్, ఇంకోవైపు ఇది కలిపి వాడితే తెలియకుండానే డబుల్ డోస్. అందుకే యూరోపియన్ యూనియన్ 2022లో రోజుకు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని పరిమితి పెట్టింది.

2024 మార్చిలో జపాన్‌లో ఇంకా పెద్ద షాక్ తగిలింది. కొబయాషి ఫార్మాస్యూటికల్ కంపెనీ కొలెస్ట్రాల్ తగ్గిస్తుందంటూ అమ్మిన రెడ్ ఈస్ట్ రైస్ సప్లిమెంట్లు వాడినవాళ్లు కిడ్నీ సమస్యలతో ఆస్పత్రుల పాలయ్యారు. మరణాలపై దర్యాప్తు జరిగింది. తయారీలో చేరిన వేరే బూజు విడుదల చేసిన విష పదార్థంపై అనుమానాలు వచ్చాయి. కంపెనీ ఉత్పత్తులను వెనక్కి తీసుకుంది. నాణ్యతకు పేరుపడ్డ జపాన్‌లోనే ఇలా జరిగింది.

సారాంశం ఒక్కటే. పనిచేయని సప్లిమెంట్ వల్ల పోయేది డబ్బు, అంతకన్నా విలువైన సమయం. పనిచేసే సప్లిమెంట్ అంటే అది మందే. దానికి మందుకున్న జాగ్రత్తలన్నీ కావాలి.

హార్మోన్ల పేరుతో ఇంకో మార్కెట్

ఇప్పుడు కొలెస్ట్రాల్‌తో పాటు 'హార్మోన్ బ్యాలెన్స్' అనే మాట బాగా నడుస్తోంది. థైరాయిడ్, ఇన్సులిన్, పీసీఓఎస్, బరువు.. అన్నింటికీ ఒకటే డబ్బా అంటున్నారు. ఇందులో నిజం కొంత, అతి కొంత.

నిజం ఏంటంటే, హార్మోన్లకూ కొలెస్ట్రాల్‌కూ లింకు ఉంది. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాగేసే పని లివర్‌లో మందగిస్తుంది. అందుకే కొత్తగా కొలెస్ట్రాల్ పెరిగినవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, డాక్టర్లు టీఎస్‌హెచ్ టెస్ట్ రాస్తారు. థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే కొందరిలో కొలెస్ట్రాల్ దానంతటదే దిగుతుంది. ఈ టెస్ట్ చేయించకుండా గుగ్గులు మింగితే అసలు జబ్బు దాక్కుంటుంది.

ఇక అతి విషయానికొద్దాం. అమెరికాలో 'థైరాయిడ్ సపోర్ట్' అని అమ్మే పది రకాల సప్లిమెంట్లను పరీక్షిస్తే తొమ్మిదింటిలో అసలు థైరాయిడ్ హార్మోనే బయటపడింది. 2013లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి. లేబుల్‌పై మాత్రం ఆ ముక్క లేదు. ఇలాంటిది తెలియకుండా వాడితే గుండె దడ, లయ తప్పడం లాంటివి రావచ్చు.

జుట్టు కోసం వాడే బయోటిన్‌తో ఇంకో చిక్కు ఉంది. ఎక్కువ డోస్ బయోటిన్ కొన్ని ల్యాబ్ టెస్టులను తప్పుదోవ పట్టిస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా చూపించవచ్చు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ టెస్ట్ కూడా తప్పుగా తక్కువ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. థైరాయిడ్ టెస్ట్‌కు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలన్నది అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ సూచన. టెస్ట్‌కి వెళ్లేటప్పుడు ఈ గమ్మీల సంగతి ల్యాబ్‌లో చెప్పేవాళ్లు ఎంతమంది?

బెర్బెరిన్ సంగతీ చూడాలి. దారుహరిద్ర లాంటి మొక్కల నుంచి తీసే ఈ పదార్థాన్ని 2023లో సోషల్ మీడియా 'ప్రకృతి ఇచ్చిన ఒజెంపిక్' అని ఆకాశానికెత్తింది. ఒజెంపిక్‌లో ఉండే సెమాగ్లూటైడ్ జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌లా పనిచేస్తుంది. బరువు గణనీయంగా తగ్గిస్తుంది. బెర్బెరిన్ అలాంటి ఫలితం చూపించలేదు. షుగర్, ఎల్‌డీఎల్ కొంత తగ్గినట్టు చెప్పే అధ్యయనాలు ఉన్నాయి, కానీ చాలావరకు చిన్నవి. కడుపు నొప్పి, విరేచనాలు మామూలే. కొన్ని మందులతో పడదు. గర్భిణులు అసలు వాడకూడదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న పీసీఓఎస్ ఉన్న యువతులకు ఆన్‌లైన్‌లో ఇదే అంటగడుతుండటం ఆందోళన కలిగించే విషయం.

చట్టం ఏం చెబుతోంది? కోర్టులో ఏం జరిగింది?

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం షుగర్, బీపీ, గుండె జబ్బులు, ఊబకాయం సహా ఒక జాబితాలోని జబ్బులను నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడమే నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు శిక్ష పడొచ్చు. డెబ్బై ఏళ్ల నాటి చట్టం. రీల్స్, వాట్సాప్ కాలంలో దాన్ని అమలు చేసేదెవరు?

ఈ ప్రశ్నే పతంజలి కేసులో దేశం ముందుకొచ్చింది. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 2022లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేరళకు చెందిన కంటి డాక్టర్ కె.వి. బాబు అంతకుముందు నుంచే వరుస ఫిర్యాదులు చేస్తూ వచ్చారు. 2024లో కోర్టు ధిక్కరణ నోటీసులు, బాబా రాందేవ్, ఆచార్య బాలకృష్ణ క్షమాపణలు, పేపర్లలో క్షమాపణ ప్రకటనలు.. అన్నీ జరిగాయి. ఆ ఏప్రిల్‌లో ఉత్తరాఖండ్ లైసెన్సింగ్ అధికారులు 14 ఉత్పత్తుల లైసెన్స్‌లను సస్పెండ్ చేశారు. అందులో కొలెస్ట్రాల్ కోసం అమ్మే 'లిపిడోమ్' కూడా ఉంది. తర్వాత ఆ సస్పెన్షన్‌ను నిలిపేశారు, ఆపై ఎత్తేశారు. ఆగస్టులో క్షమాపణను అంగీకరించి కోర్టు ధిక్కరణ కేసు మూసేసింది.

ఇదిలా ఉంటే రూల్ 170 అనే నిబంధన చుట్టూ ఇంకో కథ నడిచింది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల ప్రకటనకు ముందస్తు అనుమతి తప్పనిసరి అని 2018లో తెచ్చిన నిబంధన అది. 2024 జులైలో కేంద్రం దాన్ని తొలగిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తొలగింపుపై స్టే ఇచ్చింది. 2025 ఆగస్టులో కేసు ముగియడంతో స్టే కూడా పోయింది. అంటే ప్రకటన వచ్చాక ఫిర్యాదు చేయడమే తప్ప, రాకముందే ఆపే ఏర్పాటు బలహీనపడింది.

సప్లిమెంట్ల దారి ఇంకా వేరు. అవి మందుల కిందకు రావు, ఆహారం కిందకు వస్తాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ ఉంటే చాలు. ఆ లైసెన్స్ నంబర్ ఉందంటే అది కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని ప్రభుత్వం సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. పైగా ఇలాంటి డబ్బాపై 'వైద్య అవసరాలకు కాదు' అని ఇంగ్లిష్‌లో రాయాలన్నది నిబంధన. ఇంట్లో ఉన్న డబ్బా తిప్పి చూడండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో గుండె బొమ్మ, వెనక చిన్న అక్షరాల్లో ఈ మాట కనిపించే అవకాశం ఎక్కువ.

మరి స్టాటిన్ భయం సంగతేంటి?

సప్లిమెంట్ల వైపు జనం వెళ్లడానికి అసలు కారణం సప్లిమెంట్ మీద నమ్మకం కాదు, మాత్ర మీద భయం. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. స్టాటిన్ వల్ల కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. షుగర్ అంచున ఉన్నవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది. లివర్ తీవ్రంగా దెబ్బతినడం మాత్రం చాలా అరుదు.

నొప్పుల విషయంలో బ్రిటన్‌లో ఆసక్తికరమైన ట్రయల్ జరిగింది. స్టాటిన్ పడక మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చి చూశారు. స్టాటిన్‌తో వచ్చిన ఇబ్బందుల్లో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి! నొప్పి అబద్ధం కాదు. కానీ చాలామందిలో దాని కారణం మాత్రలోని మందు కాదు, మాత్ర మీదున్న భయం. ఫలితాలు చూపించాక సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

ఇంకోవైపు లాభం లెక్క స్పష్టంగా ఉంది. ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ముప్పులు ఐదోవంతుకు పైగా తగ్గుతున్నాయని లక్షకు పైగా రోగుల డేటా చెబుతోంది. జనరిక్ స్టాటిన్ ధర జన ఔషధి కేంద్రంలో రోజుకు కొద్ది రూపాయలే. సప్లిమెంట్ డబ్బా వందల్లో, ఒక్కోసారి వేలల్లో ఉంటుంది. ఏది ఖరీదైనదో వేరే చెప్పక్కర్లేదు.

వంటింట్లో నిజంగా పనికొచ్చేవి ఇవే

ప్రకృతి సిద్ధమైన దారి లేదా అంటే ఉంది. కాకపోతే అది క్యాప్సూల్‌లో లేదు.

ఇసబ్‌గోల్: మలబద్ధకానికి వాడే ఈ పొట్టులో కరిగే పీచు ఎక్కువ. రోజుకు 10 గ్రాముల దాకా నీళ్లతో తీసుకుంటే ఎల్‌డీఎల్ సుమారు 5 నుంచి 10 శాతం తగ్గొచ్చు. మందులతో కలిపి తీసుకోకూడదు. థైరాయిడ్ మాత్రకు కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి.

పప్పులు, ఓట్స్, బార్లీ, కూరగాయలు: వీటిలోనూ కరిగే పీచు ఉంటుంది. కంచంలో సగం కూర, పావు పప్పు లేదా చేప, పావు అన్నం అనేది సులువైన లెక్క. డెల్టాలో చేపలకు కొదవ లేదు. వేపుడు బదులు పులుసు పెడితే మేలు.

మెంతులు: నానబెట్టిన మెంతులతో షుగర్, కొలెస్ట్రాల్ కొంత తగ్గినట్టు చిన్న అధ్యయనాలు ఉన్నాయి. షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పాకే రోజూ తీసుకోవాలి.

నూనె: కొబ్బరి నూనె, పామాయిల్, వనస్పతి తగ్గించి వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెలు మార్చి మార్చి తక్కువగా వాడటం మంచిది.

నడక: రోజూ అరగంట. మందు, సిగరెట్ మానేస్తే ట్రైగ్లిజరైడ్స్, గుండె రెండూ బాగుపడతాయి.

ఇవన్నీ కలిపి చేస్తే ఎల్‌డీఎల్ 130 ఉన్న ఆరోగ్యవంతుడికి సరిపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు, ఇప్పటికే స్టెంట్ పడ్డవాళ్లకు ఇవి మాత్రకు తోడు మాత్రమే.

ఎంత ఉండాలి? ఎవరిని అడగాలి?

కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 జులైలో దేశానికి మొదటిసారి సొంత మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం మామూలు జనానికి ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలి. షుగర్, బీపీ లాంటివి ఉన్న హైరిస్క్ వాళ్లకు 70 లోపు. ఇప్పటికే గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు 55 లోపు. చాలామందికి పరగడుపున టెస్ట్ అవసరం లేదని, 18 ఏళ్లకే మొదటి టెస్ట్ చేయించుకోవాలని కూడా సూచించింది.

ఆయుర్వేదం మీదే నమ్మకం ఉంటే అదీ తప్పేం కాదు. విజయవాడలోనే డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. చదువుకున్న ఆయుర్వేద డాక్టర్ నాడి చూసి, రిపోర్టు చూసి మందు ఇవ్వడం వేరు, రీల్ చూసి డబ్బా తెప్పించుకోవడం వేరు. ఏ పద్ధతిలో వెళ్లినా వాడుతున్న ప్రతి మాత్ర, ప్రతి పొడి డాక్టర్ ముందు పెట్టాలి. మూడు నెలలకు మళ్లీ లిపిడ్ ప్రొఫైల్ చేయించాలి. అంకె దిగిందా లేదా అన్నదే తీర్పు.

మళ్లీ ఆ 52 ఏళ్ల రైతు దగ్గరికి వద్దాం. షుగర్ ఉంది కాబట్టి ఆయన టార్గెట్ 70 లోపు. ఉన్నది 168. అంటే సగానికి పైగా తగ్గాలి. ఇసబ్‌గోల్ పది శాతం తగ్గిస్తే 151. అన్నం తగ్గించి, నడిస్తే ఇంకొంచెం. మిగతా దూరం దాటించే శక్తి ఇప్పటిదాకా ఏ 'నేచురల్' డబ్బా నిరూపించుకోలేదు. కాళ్లు లాగుతుంటే ఆయన చేయాల్సింది మాత్ర ఆపి ఊరుకోవడం కాదు, అదే డాక్టర్ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పడం. డోస్ తగ్గించొచ్చు, వేరే స్టాటిన్‌కి మార్చొచ్చు, రోజు విడిచి రోజు ఇవ్వొచ్చు, స్టాటిన్ కాని మందులూ ఉన్నాయి.

బావమరిది వీడియో పంపింది ప్రేమతోనే. అదే ప్రేమతో ఈసారి ఒక ఫోన్ చేసి "బావా, మొన్న టెస్ట్‌లో ఎంతొచ్చింది?" అని అడిగితే, ఆ ప్రశ్న ఏ డబ్బాకన్నా ఎక్కువ పనిచేస్తుంది.